ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు

కరెంటు మేస్త్రి ఎర్నా లాక్నర్ వస్తోందని తెలిస్తే ఉంటర్‌హోల్జ్ ఊళ్ళో వైను చేసేవాళ్ళు రెండు పనులు చేస్తారు. నేల మీద పాముల్లా పడి ఉన్న వైర్లని చుట్టి పీపాల వెనక దాస్తారు. అమ్ముడుపోని సీసాల పెట్టెల మీద గోనెపట్టా కప్పుతారు. రెండూ దండగే. ఆవిడ కంటికి వైరూ దొరుకుతుంది, పెట్టే దొరుకుతుంది.

ఎర్నాకి యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వేసవైనా చలికాలమైనా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ద్రాక్ష పిండే ఏ గానుగింట్లో అడుగు పెట్టినా ముందు నేల చూస్తుంది, తడి ఎంతవరకు ఉందో చూస్తుంది, ఆ తరవాతే తలెత్తి మనిషికి నమస్కారం పెడుతుంది. పని అయ్యాక చేతిలో ఒక కాగితం పెడుతుంది. దాని ముందువైపు ఎర్ర పెన్సిలుతో ప్రాణం మీదికి తెచ్చేవన్నీ రాసి ఉంటాయి. వెనకవైపు నీలం పెన్సిలుతో, ఎవరూ అడక్కపోయినా, సరుకు ఎందుకు అమ్ముడుపోవడం లేదో రాసి ఉంటుంది.

"ముందువైపు చదివితే భయమేస్తుంది, తిరగేస్తే ఒళ్ళు మండుతుంది" అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అయినా ఆ కాగితాన్ని ఎవరూ పారేసేవాళ్ళు కారు. పక్క ఊళ్ళో ఆపిల్ రసం చేసే మొగుడూపెళ్ళాలకి ఒకసారి "సీసా మీద మీ పేరు చదవడానికి భూతద్దం కావాలి. కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన ముసలమ్మే మీకు అసలు గిరాకీ" అని రాసిచ్చింది. వాళ్ళు నెల్లాళ్ళు మాట్లాడ్డం మానేశారు. రెండో నెలలో అక్షరాలు పెద్దవి చేశారు.

ఈ రెండు విద్యలూ ఆవిడకి ఒకే ఇంట్లో అబ్బినవి. తల్లి పౌలా రైల్వే స్టేషన్ ఎదురుగా చిన్న హోటలు నడిపేది. పదేళ్ళ వయసు నుంచీ ఎర్నా పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని బల్లల మధ్య తిరిగేది. రైలు దిగిన మనిషి పలకడం రాని పేరున్న వైను అడగడని, అడిగి తప్పు పలికితే నవ్వుతారని భయపడతాడని ఆ వయసులోనే కనిపెట్టింది. "ఇది మా వెనక వీధి ఆయన చేసిందండీ, ఆ మూల కూర్చుని పేకాడుతున్నారే, ఆయనే" అని చెప్పిన రోజు రెండో గ్లాసు అడుగుతారని కూడా.

ఎర్నాకి పద్నాలుగేళ్ళప్పుడు వంటింట్లో ఫ్రిజ్ తలుపు తల్లికి షాక్ కొట్టింది. మనిషి పడిపోలేదు గానీ చేతిలో ఉన్న గుడ్లబుట్ట మొత్తం నేలపాలైంది. నవ్రాటిల్ అనే ముసలి మేస్త్రి వచ్చి, పది నిమిషాల్లో ఎర్త్ వైరు ఊడిపోయిందని కనిపెట్టి, బిగించి, చేతులు కడుక్కుని సూపు తాగి వెళ్ళబోయాడు. ఎర్నా గుమ్మం దాకా వెంటపడింది.

"నాకు నేర్పుతారా?"

నవ్రాటిల్ ఆమె చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేతులు చిన్నవి. బోర్డు లోపలికి బాగా దూరతాయి. సోమవారం రా."

వృత్తి బడిలో ముప్ఫై ఒక్కమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే ఆడపిల్ల. మొదటి ఏడు అందరూ ఏడిపించారు. రెండో ఏడు అందరూ ఆమె నోటుపుస్తకం అడుక్కున్నారు. నవ్రాటిల్ పనిలోంచి తప్పుకున్నప్పుడు కొట్టూ పనిముట్లూ ఆమెకే అప్పగించాడు. ఆ తరవాత ఫెర్డ్‌ల్ అనే పోస్ట్‌మాన్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన ఎంత మంచివాడో కరెంటుకి అంత పిరికివాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా పెళ్ళాం వచ్చేదాకా చీకట్లో కూర్చుంటాడు.

ఎర్నా జీవితంలో పెద్ద గొడవా, పెద్ద సంతోషమూ ఒక్క మనిషి మూలంగానే వచ్చాయి. ఆయన ఎంగెల్బెర్ట్ ట్రాబావర్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఎర్నా తండ్రికి పేకాట స్నేహితుడు, అందుకని చిన్నప్పటినుంచీ ఆమెకి బాబాయే. గానుగిళ్ళ వీధిలో చివరి గానుగిల్లు ఆయనది. వైను చెయ్యడానికే కట్టిన, పొయ్యిలూ పడగ్గదులూ లేని ఆ తెల్లటి ఇళ్ళ వరసలో, ముందు గదిలో గానుగ, వెనక మట్టిగట్టు కిందికి తొలిచిన నేలమాళిగ. మిరియాల ఘాటు తగిలే ఆయన గ్రూనర్ అనే తెల్లద్రాక్ష వైనుకి ఆ వీధిలో సాటి లేదని పోటీ చేసేవాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు. కానీ సీసాల్లో పోసింది ఏనాడూ కదిలేది కాదు. సగానికి పైగా వైను టోకు వ్యాపారి ట్యాంకరులో పడి, ఎవరెవరి వైనుతోనో కలిసి, పేరు లేకుండా పోయేది.

ఆయనతో పాటు ఉండేది చెల్లెలు కునిగుండే. అందరికీ కుని. మొగుడు పోయాక అన్నగారింటికి వచ్చి తోటా ఇల్లూ తనే చూసుకునేది. మార్చి నెల చివర్లో ఒకరోజు కునియే ఎర్నాకి ఫోను చేసింది.

"ఒకసారి వచ్చి మా పంపు చూడవే అమ్మా. అన్నయ్యకి నేను పిలిచానని చెప్పకు. దారిన పోతూ వచ్చాననుకో."

ఎర్నా దారిన పోతూ వెళ్ళింది. ఎంగెల్బెర్ట్ ట్యాంకులోంచి వైనుని సీసాల్లో పట్టడానికి తోడుతున్నాడు. నేలంతా నీళ్ళు. ఆ నీళ్ళ మధ్య బోర్లించిన బకెట్, బకెట్ మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి పంపు. పంపు వైరు మధ్యలో ఎక్కడో తెగితే, దెబ్బలకి అంటించే పట్టీ చుట్టి ఉంది.

"ఎవరికి దెబ్బ తగిలింది బాబాయ్, వైరుకా?" అంది ఎర్నా.

"ఏం, బాగానే ఉందిగా. ఏడాదిగా పనిచేస్తోంది."

"ముట్టుకుంటే ఏమీ అనిపించట్లేదా?"

"కాస్త చిమచిమలాడుతుంది. మోకాళ్ళ నొప్పులకి మంచిది" అని ఎంగెల్బెర్ట్ తన జోకుకి తనే నవ్వాడు.

ఎర్నా నవ్వలేదు. మీటరు పెట్టె తలుపు తీసింది. కరెంటు కాస్త దారి తప్పినా చటుక్కున ఆపేసే ట్రిప్ స్విచ్చి అక్కడ ఉంది, కానీ ఉండీ లేనట్టే. దాన్ని తప్పించి ఒక చిన్న రాగి తీగ పక్కనుంచి తోవ చేసుకుని పోతోంది.

"ఇదెవరి పని?"

"నాదే. ఊరికే పడిపోతోంది ఆ స్విచ్చి. చీటికీ మాటికీ ఎవడు లేపుతాడు? తీసేశా."

"కుక్క మొరుగుతోందని కుక్కని అమ్మేసి దొంగకి కుర్చీ వేశారన్నమాట."

"ఏయ్ పిల్లా, నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ గానుగ తిప్పుతున్నా."

"అప్పుడు చేత్తో తిప్పారు. చెయ్యి షాక్ కొట్టదు."

అని మెయిన్ కట్టేసింది. సంచీలోంచి చిన్న తాళంకప్ప తీసి పెట్టెకి బిగించి, తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసుకుంది. ఇలాంటిది చూశాక వదిలేసి వెళ్ళడానికి లేదని, వెళితే తన లైసెన్సు పోతుందని, అంతకంటే ముందు ఆయన పోతాడని చెప్పింది. ఎంగెల్బెర్ట్ ముఖం ముదురు ద్రాక్షరంగుకి తిరిగింది.

"మీ నాన్న బతికుంటే నీ చెవి మెలిపెట్టేవాడు!"

"మా నాన్న బతికుంటే మీ చెవే పట్టుకునేవాడు, బాబాయ్. కాగితం ఇదిగో."

అలవాటుగా వెనకవైపు కూడా నాలుగు ముక్కలు రాసింది. వియన్నా నుంచి ఎవరో సలహాదారు వచ్చి గీసిపెట్టిన బంగారు డేగ లేబులు గురించి. "డేగని చూస్తే బ్యాంకు గుర్తొస్తోంది, మీరు గుర్తు రావట్లేదు." ఆ రోజు అది రాయకుండా ఉండాల్సిందని తరవాత ఎర్నాయే ఒప్పుకుంది. పుండు మీద ఉప్పు చల్లినట్టయింది.

ఆ వారం ఊళ్ళో వేరే కబురు లేదు. ఎంగెల్బెర్ట్ మూడు ఊళ్ళు తిరిగి ముగ్గురు మేస్త్రుల్ని అడిగాడు. ఎర్నా తాళం వేసిందని తెలిసి ముగ్గురూ "మాకు తీరిక లేదండీ" అన్నారు. పాత చేతిపంపు అటక మీంచి దించి, దాంతో వైను తోడడం మొదలుపెట్టాడు. ఫెర్డ్‌ల్ ఉత్తరాలు పంచి వస్తూ రోజుకో కబురు మోసుకొచ్చేవాడు.

"ఇదిగో ఎర్నా, ఇవాళ చర్చి వీధిలో నిన్ను మూడుచోట్ల తిట్టారు, ఒకచోట పొగిడారు."

"పొగిడింది ఎవరు?"

"పళ్ళ డాక్టరు. ఆయన ఈ ఊరివాడు కాదులే."

ఎర్నా నవ్వింది గానీ ఎంతోసేపు కాదు. తండ్రి పోయిన రోజు శవపేటిక మోసిన ఆరుగురిలో ఎంగెల్బెర్ట్ ఒకడు. ఆ మనిషిని డెబ్భై నాలుగేళ్ళ వయసులో చేతిపంపు కొట్టిస్తున్నానే అని ఆమెకి తిండి సయించలేదు. తాళంచెవి మాత్రం మెళ్ళోంచి తియ్యలేదు.

ఆరో రోజు పొద్దున కుని కొట్టుకి వచ్చింది. చేతిలో గుడ్లబుట్ట, ముఖంలో ఏదో దాచుకున్న కలవరం. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీకు ఒకటి చెప్పాలి ఎర్నా. కిందటి ద్రాక్షకోతలప్పుడు నా మణికట్టు విరిగిందిగా. తొక్కల మీద కాలు జారి పడ్డానని చెప్పాను."

"అవునత్తా."

"జారలేదే. పంపు కట్టేద్దామని ముట్టుకున్నా. గుర్రం తన్నినట్టు తన్నింది. నేను గోడ దగ్గర తేలాను." కుని ఎడమచేత్తో కుడి మణికట్టు రుద్దుకుంది. "అన్నయ్యకి చెప్పలేదు. ఆ తీగ పెట్టింది ఆయనే. తెలిస్తే ఆయన తనని తను క్షమించుకోడు."

ఎర్నా ఆ మణికట్టుని చేతిలోకి తీసుకుని చూసింది. తరవాత అంది: "నువ్వు దాచావు కాబట్టే ఆయనకి అది ఇంకా మోకాళ్ళ మందులాగే ఉంది, అత్తా. రేపు నువ్వు ఇంట్లో ఉండవు, ఆయనొక్కడే ఉంటాడు, నేల తడిగా ఉంటుంది. అప్పుడు క్షమించుకోవాల్సింది ఎవరు? నువ్వా, ఆయనా?"

కుని గుడ్లబుట్ట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎంగెల్బెర్ట్ వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎర్నా కొట్టు గడప ఆయన తొక్కడం అదే మొదలు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, గోడకి వేలాడుతున్న వైరు చుట్టల వంక చూస్తూ నిలబడ్డాడు.

"కుని జారిపడలేదట" అన్నాడు.

"ఊఁ."

"నేను దాన్ని తిట్టాను కూడానూ. కళ్ళు నెత్తికెక్కాయా, చూసుకుని నడవలేవా అని."  టోపీని ఒక చుట్టు తిప్పాడు. "ఎప్పుడు వస్తావు?"

"రేపు పొద్దున. కానీ మీరు నాకు సాయం చెయ్యాలి, బాబాయ్. ఊరికే కూర్చుని వంకలు పెడితే కుదరదు."

"కూర్చుంటా, వంకలూ పెడతా, సాయమూ చేస్తా" అన్నాడు ఎంగెల్బెర్ట్.

ఏప్రిల్ నెల మూడు వారాలు పట్టింది ఆ పని. ఎర్నా ముందు ఆ రాగి తీగని పీకి ఎంగెల్బెర్ట్ అరచేతిలో పెట్టింది. కొత్త ట్రిప్ స్విచ్చి వేసింది. నీళ్ళు చొరబడని సాకెట్లని రొమ్ము ఎత్తున గోడకి బిగించింది. పంపుకి దళసరి రబ్బరు తొడుగున్న వైరు వచ్చింది. స్టీలు ట్యాంకులన్నిటినీ ఒక పచ్చ వైరుతో కలిపి ఎర్త్‌కి కట్టింది. కింది మాళిగలో గాలిని తోడే ఫ్యానుకి విడిగా ఒక లైను లాగుతుంటే ఎంగెల్బెర్ట్ వంక పెట్టాడు.

"దానికి వేరే లైను దేనికి? పంపు లైనులోంచే ఇవ్వరాదూ?"

"పంపు ట్రిప్ అయితే ఫ్యానూ ఆగుతుంది. అక్టోబరులో రసం పులుస్తున్నప్పుడు ఫ్యాను ఆగితే కింద చెడుగాలి నిండుతుంది. వాసన రాదు, రంగుండదు. ఏమైందో చూద్దామని మీరు మెట్లు దిగుతారు. ఎక్కి రారు."

"మా తాత కొవ్వొత్తి పట్టుకుని దిగేవాడు. ఆరిపోతే వెనక్కి వచ్చేసేవాడు."

"కొవ్వొత్తీ ఉంచండి, ఫ్యానూ ఉంచండి. ఆగితే బ్యాటరీతో కూతపెట్టే గంట ఒకటి పైన పెడతా. మీ తాతకి లేనిది మీకుంది, సంతోషించండి."

చివరికి మాళిగలో దీపాలు. ముట్టుకున్నా ఏమీ కానంత తక్కువ కరెంటుతో వెలిగే చిన్న చిన్న దీపాలు, మెట్ల మొదటి నుంచి ఆఖరి పీపా దాకా. అప్పటిదాకా ఆ మాళిగలోకి ఎవరు దిగినా చేతిలో ఒక్క లాంతరు. దాని వెలుగు కాళ్ళ ముందు పడేది, గోడల మీద పడేది కాదు. ఎర్నా పై నుంచి స్విచ్చి నొక్కింది. ఎంగెల్బెర్ట్ కింద ఉన్నాడు.

"బాబాయ్? వెలిగాయా?"

"ఇలా రా" అన్నాడు. "కునిని కూడా పిలు."

ఆఖరి పీపా వెనక, మెత్తటి మట్టిగోడ మీద, మేకుతో గీసిన అక్షరాలు. ఎంగెల్బెర్ట్ తాతవి. ఏడాదికి ఒక వరస, వరసకి రెండు మూడు మాటలు. 'వడగళ్ళు. సగం పోయింది.' కింద ఇంకో ఏడు: 'ఎండ. తేనెలా ఉంది.' ఇంకా కింద: 'యుద్ధం. ఆడవాళ్ళే కోశారు. బాగుంది.' ఇంకోచోట ఒకే ఒక్క మాట: 'పులుపు.' ముప్ఫైకి పైగా వరసలు. డెబ్భై ఏళ్ళుగా ఆ గోడ పక్కనుంచి నడిచిన ఎంగెల్బెర్ట్ వాటిని ఒక్కసారీ చూడలేదు. కుని వేలు తాకకుండా ఒక్కొక్క వరసా చదివింది. 'అబ్బాయి పుట్టాడు. వైను మామూలు' అన్నచోట ఆగి నవ్వింది. ఆ అబ్బాయి వాళ్ళ తండ్రి.

"బాబాయ్, ఆ డేగని ఎగరేసెయ్యండి. మీ లేబులు ఇదే" అంది ఎర్నా.

"నీకేమైనా మతి పోయిందా? వడగళ్ళు పడ్డాయని సీసా మీద రాస్తే ఎవడైనా కొంటాడా?"

"పులుపు అని గోడ మీద రాసుకున్న మనిషి తేనె అంటే నమ్ముతారు. అన్నీ అద్భుతం అనేవాణ్ణి ఎవరు నమ్ముతారు?"

"వైను మంచిదైతే దానంతట అదే అమ్ముడుపోతుంది."

"ఇన్నేళ్ళూ పోయిందా? వైనుకి నోరు లేదు. వచ్చినవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి ఇది ఎవరిది, ఎలాంటిది అని."

"నువ్వు కరెంటు మేస్త్రివా, పెళ్ళిళ్ళ పేరమ్మవా?"

"రెండింటికీ ఒకటే పని. సరైన తీగని సరైన తీగతో కలపడం. తప్పు కలిపితే ఇల్లు కాలుతుంది."

ఆ వాదన తెగలేదు. మే నెల మొదటి వారాంతంలో వీధివీధంతా తలుపులు తెరిచి జనాన్ని పిలిచే పండుగ ముంచుకొచ్చింది. కొత్త వైను సీసాల వెనక చట్టప్రకారం ఉండాల్సిన చిన్న చీటీ మాత్రమే ఉంది. ముందువైపు బోసిగానే ఉంది. డేగ వద్దని కుని, వడగళ్ళు వద్దని ఎంగెల్బెర్ట్. ఎర్నా మాత్రం మరో సంగతిలో పట్టు పట్టింది. ఎన్నడూ లేనిది, ఈసారి జనాన్ని మాళిగలోకి దింపాలంది.

"ఇదివరకు పసిపిల్లని కూడా లోపలికి రానిచ్చే వీలు లేదు మీకు. ఇప్పుడుంది. కూర్చున్నచోటే కొంటారు మనుషులు. ఒక బెంచీ వెయ్యండి. కుని అత్త పందికొవ్వు రాసిన రొట్టె ముక్కలు ముందు పెట్టాలి, ఖాళీ కడుపుకి వైను పొయ్యకండి. మూడు రకాలు చాలు, ఏడు పోస్తే మొదటిది మర్చిపోతారు. బండి నడిపేవాళ్ళకి ద్రాక్షరసం ఇవ్వండి, వాళ్ళే డిక్కీలో పెట్టెలు పెట్టుకుని వెళ్ళేది."

"మోకాళ్ళకి మంచిదని చెప్పనా?" అన్నాడు ఎంగెల్బెర్ట్.

"చెప్తే జరిమానా పడుతుంది. వైను ఆరోగ్యానికి మంచిదని ఎవరూ చెప్పకూడదు. షాక్ గురించి కూడా ఇక అలా అనకండి."

పండుగ రోజు మధ్యాహ్నానికి వీధి కిటకిటలాడింది. అయితే జనమంతా వీధి మొదట్లో ఉన్న పోల్డి ష్రెడర్ గానుగింటి దగ్గరే ఆగిపోయారు. పోల్డి హుషారైన మనిషి. మైకు, పాటలు, సాసేజీలు కాల్చే కరెంటు పొయ్యి, కాఫీ మిషను, రంగుదీపాలు అన్నీ పెట్టాడు. వీధి చివర ఎంగెల్బెర్ట్ బెంచీ మీద నలుగురే ఉన్నారు, అందులో ఒకడు ఫెర్డ్‌ల్. ఎంగెల్బెర్ట్ తలుపు దగ్గర ఉప్పుబొమ్మలా నిలబడి వచ్చేపోయేవాళ్ళ బూట్లు చూస్తున్నాడు.

ఎర్నా మనసు ఉసూరుమంది. వీధి మొదటి దాకా నడిచింది. పోల్డి గుమ్మంలోకి రాగానే ఆమె ముక్కుకి సాసేజీది కాని వాసన తగిలింది. కాలుతున్న ప్లాస్టిక్. వంగి చూస్తే, పొయ్యీ మైకూ కాఫీ మిషనూ అన్నీ ఒకే వైరు చక్రం మీద ఉన్నాయి. యాభై మీటర్ల వైరు, విప్పకుండా చక్రానికే గట్టిగా చుట్టి ఉంది. లోపలి చుట్లు ఉడికిపోతున్నాయి. పక్కనే ఎండుగడ్డి మోపు, దాని మీద ఇద్దరు పిల్లలు.

"పిల్లల్ని దింపండి!" అని అరిచి, గోడ దగ్గర ప్లగ్గు లాగేసింది. పాట 'ఓ...' అన్నచోట తెగింది. దీపాలు ఆరాయి.

"ఎర్నా! ఏమిటిది? నా పండుగ పాడుచేస్తావా?" అంటూ పోల్డి పరుగెత్తుకొచ్చాడు.

"చెయ్యి పెట్టి చూడు."

పోల్డి చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. గడ్డిమోపు వంక చూశాడు. పిల్లల వంక చూశాడు. వాళ్ళలో చిన్నవాడు ఆయన మనవడు. నెత్తిన చెయ్యి పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు.

"వైరు పూర్తిగా విప్పి పరిచి వాడాలి, పోల్డీ. చుట్టి ఉంటే వేడి బయటికి పోదు. ఇది చల్లారేదాకా ముట్టుకోకు, నా వ్యానులోంచి వేరేవి తెచ్చి విడివిడిగా పరుస్తా, గంట పడుతుంది" అని ఎర్నా ఆయన భుజం తట్టింది.

పోల్డి లేచి జనం వైపు తిరిగాడు. హుషారుగాడే అయినా మనసున్నవాడు. "గంట విరామం! ఈ గంటా చివరింటికి వెళ్ళండి. మా వీధిలో అన్నిటికంటే మంచి వైను ఆ మూగాయన దగ్గరే ఉంది. నేను చెప్పానని చెప్పకండి!" అని గొంతెత్తాడు.

యాభై అరవైమంది ఒక్కసారిగా తన గుమ్మం వైపు నడిచి వస్తుంటే ఎంగెల్బెర్ట్‌కి పారిపోవాలనిపించింది. కుని రొట్టెల పళ్ళెం ఆయన చేతిలో పెట్టి లోపలికి తోసింది. జనం దీపాల వెంట మెట్లు దిగారు. ఆయనకి ఏం మాట్లాడాలో తెలియక, గోడ దగ్గరికి వెళ్ళి తాత రాతలు పైకి చదవడం మొదలుపెట్టాడు. వడగళ్ళ దగ్గర జనం అయ్యో అన్నారు. 'పులుపు' దగ్గర గొల్లుమన్నారు. 'ఆడవాళ్ళే కోశారు' అన్నచోట కొందరు టోపీలు తీశారు. చదువుతూ చదువుతూ ఆయన గొంతు నిలదొక్కుకుంది.

ఎర్ర స్వెటరు వేసుకున్న ఒకావిడ గ్లాసు ఎత్తి అడిగింది: "మరి ఇప్పుడు మేం తాగుతున్నది? కిందటేడుకి మీరేం రాస్తారండీ?"

ఎంగెల్బెర్ట్ ఆలోచించాడు. చెల్లెలి వంక చూశాడు.

"వాన ఆలస్యం" అన్నాడు. "కుని చెయ్యి విరిగింది, తప్పు నాది. వైను బాగుంది."

 ఆ ఎర్ర స్వెటరావిడ "అదే రాసిన సీసా నాకు ఆరు కావాలి" అంది. అలాంటి చీటీ లేదంటే, "ఇప్పుడు రాయండి" అంది. కుని చెంపలు ఎర్రబడ్డాయి. జామ్ సీసాలకి అంటించే చీటీల కట్ట పైనుంచి తెప్పించి, బెంచీ మీద కూర్చుని, నయమైన కుడిచేత్తో ఒక్కొక్క చీటీ రాసి అంటించడం మొదలుపెట్టింది. పెన్నులో సిరా అయిపోతే ఫెర్డ్‌ల్ తన పోస్టు పెన్ను ఇచ్చాడు. సాయంత్రం ఎండ వాలేసరికి చీటీల కట్ట అయిపోయింది, దాంతోపాటే సీసాలూ అయిపోయాయి. కొందరు ఖాళీ చేతులతో వెళ్తూ, తరవాత పట్టే సీసాల కోసం పేర్లు రాసిచ్చి వెళ్ళారు.

పోల్డి కూడా గంట తరవాత పాటలు మళ్ళీ పెట్టి, చీకటి పడకముందే వచ్చి ఎంగెల్బెర్ట్‌తో ఒక గ్లాసు తాగాడు. "మైకు లేకుండా అమ్మావు ముసలాయనా, నీ దుంపతెగ" అన్నాడు.

ఆ వేసవిలో టోకు వ్యాపారి ట్యాంకరు వచ్చినప్పుడు ఎంగెల్బెర్ట్ దాన్ని సగం నింపి, "మిగతాది మాకే కావాలి" అని పంపించాడు. అక్టోబరులో రసం పులుస్తుండగా ఒక మధ్యాహ్నం పిడుగుపడి ఊరంతా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, గంట కూతపెట్టింది. ఎంగెల్బెర్ట్ మెట్ల తలుపు మూసి, బయట కుర్చీ వేసుకుని, కరెంటు వచ్చి ఫ్యాను రెండు గంటలు తిరిగేదాకా లేవలేదు. ఆ సంగతి కుని ఫోనులో చెప్తే, ఎర్నా వ్యాను పక్కకి ఆపి కాసేపు అలాగే కూర్చుంది. అంతకంటే పెద్ద బహుమతి ఆమెకి ఎవరూ ఇచ్చి ఉండరు.

జనవరిలో వైనువాళ్ళ సంఘం అగ్నిమాపక కేంద్రం హాల్లో సమావేశం పెట్టి ఎర్నాని మాట్లాడమంది. నలభైమంది వచ్చారు. వేదిక మీద ఎప్పుడూ నిలబడని మనిషి, కాగితాల నిండా రాసుకుని వెళ్ళింది గానీ మొదటి వాక్యంలోనే నాలుక తడబడింది. వెనక వరసలోంచి ఎవరో, "కరెంటు మాటలా, అమ్మకం మాటలా? ఏదో ఒకటి తేల్చు, ఎర్నా" అని కేకేశారు. నవ్వులు.

ఎర్నా జవాబు వెతుక్కునేలోపు ఎంగెల్బెర్ట్ లేచాడు. "నాకు ఈ పిల్ల మీటరు పెట్టెకి తాళం వేసింది. వారం రోజులు బూతులు తిట్టాను. మీరెవరైనా మీ ఇంటికి వెళ్ళి, మీ చెల్లెలో పెళ్ళామో మీ దగ్గర ఏదైనా దాచిందేమో అడగండి. తరవాత ఈమెని పిలవండి. అమ్మకాల సంగతి తరవాత మాట్లాడుకుందాం" అని కూర్చున్నాడు. ఆయన జన్మలో అంత పొడుగు మాట ఎవరూ వినలేదు.

 ఎర్నా కాగితాలు మడిచి పక్కన పెట్టి, "సరే. మీ ఇంట్లో ట్రిప్ స్విచ్చి పనిచేస్తోందో లేదో చూసే బొత్తాం ఈ ఏడాదిలో నొక్కినవాళ్ళు ఎవరు? చేతులెత్తండి" అంది. ఐదు చేతులు లేచాయి, అందులో ఒకటి పోల్డిది. అక్కణ్ణుంచి రెండు గంటలు ఎక్కడా ఆగలేదు. పోయేముందు ఇరవై రెండుమంది పేర్లు ఇచ్చారు. ఈస్టర్ వచ్చేసరికి ఎర్నా ఇరవై ఒక్క ఇళ్ళు చూసేసింది. ఇరవై రెండో ఆయన ఇంకా వాయిదా వేస్తూనే ఉన్నాడు. ఆయన భార్య నిన్న ఫోను చేసిందట, దారిన పోతూ ఒకసారి వచ్చి వెళ్ళమని.